ఎయిర్ బ్యాగ్ అంటే ఏ బ్యాగ్? తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఒక స్ప్రింగు కథ

పోయిన నెల ఒక శనివారం రాత్రి మా బావ వాట్సాప్‌లో ఒక బండి ఫొటో పంపాడు. సెకండ్ హ్యాండ్, ఏడు సీట్లు, బండి వికారాబాద్‌లో ఉంది. ఫొటో కింద అమ్మే ఆయన మెసేజ్: "సింగిల్ ఓనర్, టైర్లు బాగున్నాయి, వెనక ఎయిర్ బ్యాగ్స్ కొత్తవి వేయించాం." దాని కింద బావ వాయిస్ నోట్: "పిల్లలు వెనక సీట్లనే కూసుంటరు గదా, వెనక గూడ ఎయిర్ బ్యాగులున్నయట. ఇంక మీ అక్క ఏం వంక పెట్టది. పొద్దుగాల పోయి చూసొద్దాం, నువ్వు గూడ రా."

ఆ మెసేజ్ రెండోసారి చదివాక నాకు ఏదో తేడా కొట్టింది. సేఫ్టీ ఎయిర్ బ్యాగ్ "కొత్తవి వేయించాం" అని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. అది మార్చారంటే ఒకసారి విచ్చుకుందని, అంటే బండి గట్టిగా గుద్దుకుందని అర్థం. పైగా "వెనక" అంటున్నాడు. మన దగ్గర పాత ఏడు సీట్ల బళ్లలో ముందే ఎయిర్ బ్యాగులు లేనివి బోలెడు, వెనక ఎక్కణ్నుంచి వస్తాయి? అప్పుడు గుర్తొచ్చింది. మెకానిక్ షెడ్లలో ఈ మాటకి ఇంకో అర్థం ఉంది. అదీ తప్పు అర్థం కాదు. కానీ ఆ అర్థం పిల్లల ప్రాణం కాపాడేది కాదు.

ఫోన్ల సైట్లో ఈ బండి స్ప్రింగుల గోల ఏంటని స్క్రోల్ చేసెయ్యకండి. ఫోన్ కూడా వస్తుంది, దానితో మీరు చేసుకోగలిగే టెస్టు ఒకటి ఉంది. అంతకన్నా ముఖ్యంగా, రేపు మీ ఇంట్లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి కొంటుంటే "స్పెక్స్ చూడరా" అని పిలిచేది మిమ్మల్నే.

బస్సు ఫ్లోర్ మీద ఫోన్

ఆదివారం పొద్దున తాండూరులో బస్సెక్కాం. వికారాబాద్ సుమారు 40 కిలోమీటర్లు. ధారూర్ దాటాక అనంతగిరి గుట్టల ఘాట్, ఆ తర్వాత వికారాబాద్. బస్సు సగం ఖాళీ. ఎక్కే ముందు వంగి వెనక చక్రం దగ్గర చూశాను. కమాన్ కట్టలే, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్టీలు పట్టీలు. "బస్సు కింద ఏం పోయింది నీది?" అన్నాడు బావ.

సీట్లో కూర్చొని ఫోన్లో ఫైఫాక్స్ అనే యాప్ తెరిచాను. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఫ్రీ. ఫోన్లో ఉన్న సెన్సర్లన్నిటినీ ల్యాబ్ పరికరాల్లా వాడుకోనిస్తుంది. అందులో 'యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్' అని ఒకటుంది. ఫోన్ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. శాంపిల్స్ సంఖ్య పెంచుకోవాలి, లేకపోతే నెమ్మది ఊపులు సరిగ్గా దొరకవు. ఫోన్ని సీటు మీద పెట్టొద్దు, ఎందుకంటే సీటు స్పాంజి కూడా ఒక స్ప్రింగే, అది లెక్క చెడగొడుతుంది. ఫ్లోర్ మీద, నా రెండు బూట్ల మధ్య ఇరికించాను. పాత ఫోన్ లెండి. కొత్తదాంతో చెయ్యకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

గ్రాఫ్‌లో ఇంజిన్ తాలూకు సన్నని ముళ్లు కుడివైపు దూరంగా కనపడ్డాయి. ఎడమవైపు, రెండుకీ మూడుకీ మధ్య, ఒక లావుపాటి దిబ్బ. అంటే బస్సు బాడీ సెకనుకి రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఊగుతోంది. ఇది ల్యాబ్ టెస్టేమీ కాదు. ఒక ఫోను, ఒక బస్సు, ఒక్క ట్రిప్పు, అంతే. కానీ ఆ దిబ్బ ఎక్కడుందన్నదే ఈ మొత్తం విషయానికి గుండెకాయ.

సెకనుకి ఒక ఊపు అంటే ఒక హెర్ట్జ్. అర హెర్ట్జ్ కన్నా తక్కువైతే ఓడలో ఉన్నట్టు కడుపులో తిప్పుతుంది. 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య నిలువు కుదుపులు మనిషి ఒంటికి అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది. మన పొట్ట, వెన్ను, భుజాలు ఆ ప్రాంతంలోనే తాళం అందుకుని తామూ ఊగుతాయి. మనిషి మీద కుదుపుల ప్రభావం కొలవడానికి వాడే ఐఎస్‌ఓ 2631 ప్రమాణం కూడా ఆ ప్రాంతానికే పెద్దపీట వేస్తుంది. అందుకే కార్లు డిజైన్ చేసేవాళ్లు బాడీ ఊపుని 1 నుంచి 1.5 హెర్ట్జ్ చుట్టూ ఉంచాలని చూస్తారు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. స్టీలు స్ప్రింగు తన మీద పడ్డ బరువుకి ఎన్ని సెంటీమీటర్లు కుంగిందో చూడండి. ఆ సంఖ్య వర్గమూలంతో 5ని భాగిస్తే, అది సెకనుకి సుమారు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. తాండూరులో నాపరాళ్లు నింపుకున్న లారీ స్ప్రింగు 10 సెంటీమీటర్లు కుంగిందనుకుందాం. ఊపు 1.6 హెర్ట్జ్. మంచిదే. అదే లారీ సరుకు దించేసి, వెనక స్ప్రింగుల మీద నాలుగో వంతు బరువుతో తిరిగొస్తోంది. కుంగుడు 2.5 సెంటీమీటర్లే. ఊపు 3.2 హెర్ట్జ్‌కి పోయింది, అంటే రెట్టింపు. ఒంటికి పడని ప్రాంతానికి చేరువైంది. ఖాళీ లారీ గుంతల్లో డబ్బా గలగల్లాడినట్టు ఎందుకు ఎగురుతుందో ఇదీ సంగతి. దానికి తోడు కమాన్ పట్టీలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. చిన్న గతుకుల దగ్గర ఆ రాపిడే పట్టీల్ని కదలనివ్వదు, దెబ్బ నేరుగా ఫ్లోర్‌కి వస్తుంది.

మెత్తటి స్ప్రింగు వేసేస్తే సరిపోదా? ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. నిండా లోడ్ పడితే నేలకి ఆనుతుంది. స్టీలు స్ప్రింగుతో ఉన్న చిక్కే ఇది. దాని గట్టిదనం ఒక్కటే, బరువు మాత్రం రోజుకోలా ఉంటుంది.

సైకిల్ పంపు చాలు

చిన్నప్పుడు సైకిల్ పంపు మూతి బొటనవేలితో మూసి పిడి నొక్కి ఆడుకున్నారా? మొదట్లో సులువుగా దిగుతుంది, పోనుపోను మొండికేస్తుంది, వదిలేస్తే పైకి తన్నుతుంది. అదే ఎయిర్ స్ప్రింగ్. గాలే స్ప్రింగు. బయట కనిపించే నల్ల రబ్బరు సంచి కేవలం గాలిని పట్టి ఉంచే పాత్ర. లోపల నైలాన్ లాంటి దారాల పొరలుంటాయి, అవి సంచి ఉబ్బి పగలకుండా ఆపుతాయి. బరువు మోసేది మాత్రం గాలే. 25 సెంటీమీటర్ల వ్యాసమున్న సంచిలో 5 బార్ ఒత్తిడి ఉంటే అది దాదాపు 2,500 కిలోలు మోస్తుంది. వైశాల్యాన్ని ఒత్తిడితో గుణించడమే, పదో తరగతి లెక్క.

అసలు తెలివి సంచిలో కాదు, దాని పక్కన ఉండే లెవెలింగ్ వాల్వ్‌లో ఉంది. బండి బాడీకీ ఇరుసుకీ మధ్య ఒక చిన్న కడ్డీ. జనం ఎక్కి బాడీ కుంగితే ఆ కడ్డీ వాల్వ్ తెరుస్తుంది, ట్యాంకులోంచి గాలి సంచిలోకి పోతుంది, బాడీ మళ్లీ పాత ఎత్తుకి వస్తుంది. జనం దిగితే ఎక్కువైన గాలి బయటికి పోతుంది. ఏసీ బస్సులు స్టాండులో ఆగినప్పుడు 'స్‌స్‌స్' మనే శబ్దంలో కొంత బ్రేకులది, కొంత దీనిది.

ఎత్తు మారనప్పుడు ఏమవుతుందో చూడండి. బరువు రెట్టింపైతే గాలి ఒత్తిడీ రెట్టింపవుతుంది. ఒత్తిడి పెరిగిన గాలి అదే నిష్పత్తిలో గట్టిపడుతుంది. బరువూ గట్టిదనమూ కలిసి పెరిగాయి కాబట్టి ఊపు దాదాపు మారదు. అయిదుగురున్నా యాభైమందున్నా ఒకటే ఊపు, ఒకటే ఎత్తు. "ఎయిర్ సస్పెన్షన్ అంటే మెత్తగా ఉంటది" అని అందరూ అంటారు గానీ, మెత్తదనం స్టీలుతో కూడా సాధించొచ్చు. స్టీలు చేయలేనిది ఈ 'బరువు మారినా మారకపోవడం'. అందుకే ఇది ముందు బస్సుల్లో కుదురుకుంది, కార్లలో కాదు. ఫైర్‌స్టోన్ కంపెనీ 1930ల్లో ప్రయోగాలు చేసింది. 1953లో అమెరికాలో జనరల్ మోటార్స్ బస్సులకి వచ్చింది. 1957లో క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రూమ్ కారులో పెడితే గాలి లీకులతో విసిగి చాలామంది యజమానులు పీకేసి స్టీలు కాయిల్సే వేయించుకున్నారు.

ఇంకో లాభం ఉంది, అది నాకైతే భలే నచ్చుతుంది. సంచిలో ఒత్తిడి చూస్తే బండి మీద ఎంత బరువుందో తెలిసిపోతుంది. సస్పెన్షనే తూకం యంత్రం. మెట్రో రైళ్లలో ఈ ఒత్తిడిని చదివి, పెట్టెలో జనం ఎక్కువుంటే బ్రేకు గట్టిగా, తక్కువుంటే మెల్లగా వేస్తారు.

ఒక్క 'ఎయిర్', ఎన్ని అవతారాలో

మాటలు కలగాపులగం అయ్యేది ఇక్కడే. ఎయిర్ స్ప్రింగ్ ఒక భాగం, ఆ గాలి సంచి మాత్రమే. ఎయిర్ సస్పెన్షన్ అంటే మొత్తం వ్యవస్థ, అందులో కంప్రెసర్, ట్యాంకు, వాల్వులు, ఇరుసుని పట్టుకునే కడ్డీలు, షాక్ అబ్జార్బర్లు అన్నీ వస్తాయి. అవును, షాక్ అబ్జార్బర్ విడిగా కావాలి. స్ప్రింగు బరువు మోస్తుంది, ఊగుతుంది. ఊగేదాన్ని ఆపేది షాక్ అబ్జార్బర్. మనం రెంటినీ కలిపి 'షాకర్లు' అనేస్తాం, అక్కణ్నుంచే సగం గందరగోళం.

మడతలు మడతలుగా ఉండే సంచిని బెలో అంటారు. షెడ్లలో అది 'బెలూన్', లేకపోతే 'ఎయిర్ బ్యాగ్'. ఒకప్పుడు ట్రావెల్స్ బస్సుల మీద పెద్దక్షరాల్లో 'ఎయిర్ బస్' అని రాయించేవాళ్లు గుర్తుందా? విమానాల కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బస్సని చెప్పుకోవడమే. నేను చిన్నప్పుడు ఆ బస్సు గాల్లో లేస్తుందేమోనని చూసేవాణ్ని.

బజాజ్ పల్సర్ మీద 'నైట్రాక్స్' అని చూసి "గ్యాస్ సస్పెన్షన్ బండి" అనేవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఉన్నారు. అక్కడ బరువు మోసేది స్టీలు కాయిలే. నైట్రోజన్ ఉన్నది షాక్ అబ్జార్బర్ లోపల, నూనె నురగ కట్టకుండా చూడటానికి. మీరు కూర్చునే ఆఫీసు కుర్చీ ఎత్తు మార్చేది గ్యాస్ స్ప్రింగ్, కారు డిక్కీ తలుపుని పైకెత్తి పట్టేదీ అదే. అందులో నైట్రోజన్‌ని శాశ్వతంగా మూసేస్తారు, గాలి ఎక్కించడం, తీయడం ఉండదు. 1955 నాటి సిట్రోయెన్ డీఎస్ కారు మరో రకం. గ్యాసు స్ప్రింగే, కానీ ఎత్తు సరిచేసేది నూనె.

మన గ్యాడ్జెట్ల వైపు కూడా ఉంది. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఏఆర్-1 అనే స్పీకర్ చేశాడు. డబ్బా మొత్తం గాలి చొరబడకుండా మూసేసి, లోపలి గాలినే స్పీకర్ కోనుకి స్ప్రింగుగా వాడుకున్నాడు. చిన్న డబ్బాలోంచి లోతైన బేస్ రావడానికి అది దారి వేసింది. మూసిన డబ్బా స్పీకర్లు ఇప్పటికీ అదే సూత్రం మీద నడుస్తున్నాయి. ఇక చిప్పులు ముద్రించే లితోగ్రఫీ యంత్రాల విషయానికొస్తే, నేల అదురుని లోపలికి రానివ్వకుండా వాటినీ గాలి దిండ్ల మీదే నిలబెడతారు. మీ ఫోన్ ప్రాసెసర్ పుట్టింది ఎయిర్ స్ప్రింగు మీదే అంటే అతిశయోక్తి కాదు.

కొత్త ఫోన్ బస్సు ఫ్లోర్ మీద ఎందుకు పెట్టొద్దన్నానంటే, కెమెరాలో ఓఐఎస్ ఉన్న ఫోన్లలో లెన్సో సెన్సరో సన్నని స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. దానికీ తనదైన ఊపు ఉంటుంది. పెద్ద బైకు ఇంజిన్ల అదురుకి ఎక్కువకాలం గురైతే ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినొచ్చని యాపిల్ 2021లో తనే ఒక నోట్ పెట్టింది. బైకు హ్యాండిల్‌కి ఫోన్ బిగించుకుని తిరిగేవాళ్లు అదురు తగ్గించే మౌంట్ తీసుకోండి. ఒక్క బస్సు ట్రిప్పుకి ఏం కాదు గానీ, నాకు భయం.

బండి కింద ఏముంది

వికారాబాద్‌లో బండి యజమాని మర్యాదస్థుడు. టీ తెప్పించాడు. బండి శుభ్రంగా ఉంది. నేను నేరుగా వెనక చక్రం పక్కన కూర్చొని టార్చ్ వేశాను. కాయిల్ స్ప్రింగు మధ్యలో ఒక రబ్బరు గొట్టంలాంటి సంచి దూర్చి ఉంది. దాన్నుంచి సన్నని ట్యూబు బంపర్ పక్కకి వచ్చి, అచ్చం టైరు వాల్వ్ లాంటి మూతి దగ్గర ఆగింది. పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవడమే. కంప్రెసర్ లేదు, లెవెలింగ్ వాల్వ్ లేదు.

"ఎయిర్ బ్యాగులంటే ఇవేనా అన్నా?" అని అడిగాను.

"అవు తమ్మీ, ఇవే. ఎంత లోడ్ ఎక్కినా వెనక కూసోదు. పెండ్లికి పది మందిని ఎక్కించుకొని పోయిన, కొంచెం గూడ వంగలే."

ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన దృష్టిలో ఎయిర్ బ్యాగ్ అంటే అదే. ఆ బ్యాగు కొత్తదే. బావ ముఖం మాత్రం చూడాలి.

లోపలికెళ్లి స్టీరింగ్ చూశాం. మధ్యలో ఉత్త హారన్ ప్యాడ్. ఎయిర్ బ్యాగ్ ఉంటే స్టీరింగ్ మీద 'ఎస్‌ఆర్‌ఎస్' అనో 'ఎయిర్‌బ్యాగ్' అనో అచ్చు వేసి ఉంటుంది, ఎడమ సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద కూడా. తాళం తిప్పితే మీటర్లో బెలూన్ ముందు కూర్చున్న మనిషి బొమ్మ ఎర్రగా వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే అనుమానించాలి. ప్రమాదంలో విచ్చుకున్న బ్యాగుల్ని మళ్లీ పెట్టకుండా, ఆ లైటు కనపడకుండా చేసి అమ్మే బళ్లు కూడా ఉంటాయి. వెలిగి ఆరకపోయినా అనుమానించాలి, వ్యవస్థలో లోపం ఉందని అర్థం. ఈ బండిలో అక్షరాలూ లేవు, లైటూ లేదు. పాత మోడల్, అప్పటి చట్టం ప్రకారం తప్పు కూడా కాదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్ బ్యాగ్ తప్పనిసరి అయ్యింది 2019 జూలై 1 నుంచి. ముందు ప్యాసింజర్ వైపు తప్పనిసరి అయ్యింది ఇంకా తర్వాత, 2021లో. అంతకన్నా పాత బండిలో ఉందో లేదో మోడల్ని బట్టి, వేరియంట్‌ని బట్టి చూసుకోవాల్సిందే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఆ పది మంది సంగతి. కాయిల్ లోపల పెట్టే ఈ సాయం సంచులు చెడ్డవేం కాదు. నిండా సామాను, జనం ఉన్నప్పుడు వెనక కుంగితే హెడ్‌లైట్లు ఆకాశం చూస్తాయి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి ఇవి పనికొస్తాయి. కానీ ఇవి బండి మోయగల బరువుని ఒక్క కిలో కూడా పెంచవు. బ్రేకులు పాతవే, టైర్లు పాతవే, ఇరుసు పాతదే. బండి ఎంత బరువుకి తయారైందో ఆర్‌సీలో రాసి ఉంటుంది, సంచిలో గాలి కొట్టినంత మాత్రాన ఆ సంఖ్య మారదు. వెనక కుంగడం నిజానికి ఒక హెచ్చరిక. "ఇంక చాలు" అని బండి చెప్పే మాట. సంచి ఆ మాట వినపడకుండా చేస్తుంది. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకులకి మాత్రం ఆ పది మంది బరువూ తెలుస్తూనే ఉంటుంది.

బావ బేరం ఆడలేదు. టీ తాగి, "మళ్ల చెప్తం అన్నా" అని బయటికొచ్చాం.

తాండూరు లారీ ఎందుకు మారలేదు

స్టేషన్ వైపు నడుస్తుంటే బావ అడిగాడు: "గంత మంచిదైతే మన బండల లారీలకు ఎందుకు పెట్టరు?"

న్యాయమైన ప్రశ్న. తాండూరు చుట్టూ నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. రోడ్డు మీద తిరిగేదంతా బరువే. ఎయిర్ స్ప్రింగుకి ఇంతకన్నా సరైన చోటు ఉండకూడదు. అయినా చాలావరకు కమాన్ కట్టలే. ఎందుకంటే కమాన్ కట్ట రెండు పనులు చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసు ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టుకుంటుంది కూడా. గాలి సంచి రెండో పని చేయలేదు. దానికి విడిగా కడ్డీలు, బుష్‌లు కావాలి, అంటే ఖర్చు. గనిలో పదునైన రాతి ముక్కలు ఎగిరి రబ్బరుకి తగులుతాయి. సంచికీ అది దిగే లోహపు దిమ్మకీ మధ్య రాతిపొడి చేరితే ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. దారిలో సంచి పగిలితే తాండూరు రోడ్డు పక్కన ఎవరు మారుస్తారు? కమాన్ పట్టీ విరిగితే చిన్న ఊళ్లో కూడా షెడ్డు దొరుకుతుంది, కొన్ని గంటల్లో బండి కదులుతుంది. పైగా ఒక పట్టీ విరిగినా మిగతావి మోస్తాయి. ఎక్కువ లోడ్ వేయాలనుకునే వాడికైతే ఇంకో పట్టీ జోడించడం సులువు. అది మంచి కారణం కాదు, కానీ ఉన్న కారణం.

మన దగ్గర ఎయిర్ స్ప్రింగులు తయారు కావని కాదు. చెన్నైలోని వీల్స్ ఇండియా లాంటి కంపెనీలు బస్సులకి ఎయిర్ సస్పెన్షన్ చేసి ఇస్తున్నాయి. హైదరాబాద్ రోడ్ల మీద ఏసీ బస్సులు, ఎలక్ట్రిక్ బస్సులు దాని మీదే నడుస్తున్నాయి. బస్సులో సరుకు మనిషి కాబట్టి, కుదుపుకి మనిషి తిట్టుకుంటాడు కాబట్టి అక్కడికి త్వరగా వచ్చింది. నాపరాయి ఎవర్నీ తిట్టదు. లారీ నడిపే మనిషి నడుము గురించి ఎవరూ అడగరు. అదే నా బాధ. కనీసం డ్రైవర్ సీటు కిందైనా ఒక చిన్న ఎయిర్ స్ప్రింగు పెట్టొచ్చు, అలాంటి సీట్లు ఉన్నాయి. మొత్తం సస్పెన్షన్ మార్చడం కన్నా చాలా చవక.

ప్లాట్‌ఫామ్ మీంచి చూస్తే

తిరుగు ప్రయాణం రైల్లో. వికారాబాద్ జంక్షన్ నుంచి ఒక లైను తాండూరు మీదుగా వాడికి, ఇంకోటి బీదర్, పర్లి వైపు పోతుంది. వాడి లైను నిజాం కాలం నాటిది, 1874లో తెరిచారు. స్ప్రింగులు చూడటానికి ప్లాట్‌ఫామ్ చివర, ఎదుటి లైను కనపడే చోటు మంచిది. పెట్టె కింద చక్రాల చట్రాన్ని బోగీ అంటారు. అందులో రెండు అంతస్తుల్లో స్ప్రింగులుంటాయి. చక్రాల దగ్గర మొదటి జత, చట్రానికీ పెట్టెకీ మధ్య రెండో జత. ఈ రెండో జత దగ్గర లావుపాటి స్టీలు చుట్టలు కనపడితే కాయిల్ స్ప్రింగు. నల్లగా, పొట్టిగా, గాలి నింపిన పెద్ద గారెలా కనపడితే ఎయిర్ స్ప్రింగు. వందేభారత్‌కి రెండో జత గాలిదే, మెట్రోకీ అంతే. ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో స్టీలు చుట్టలున్నవే ఎక్కువ చూస్తాం, కొత్తగా వచ్చేవాటిలో గాలివి పెడుతున్నారు. రైలు ఎయిర్ స్ప్రింగు కింద ఒక గట్టి రబ్బరు దిమ్మ కూడా ఉంటుంది. గాలి పోతే పెట్టె దాని మీద కూర్చుంటుంది, వేగం తగ్గించి బండిని గమ్యం చేరుస్తారు.

మెట్రోకి ఇది ఎందుకు తప్పదో ఒకసారి గమనించండి. ఖాళీ రైలైనా, సాయంత్రం ఊపిరాడని రైలైనా పెట్టె గుమ్మం, ప్లాట్‌ఫామ్ అంచు దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. వీల్‌చైర్ ఎక్కగలిగేది అందుకే.

ఎదుటి లైన్లో ఆగిన రైలు పెట్టెకి ఆ నల్ల గారె ఉంది. బావకి చూపించాను. కాసేపు చూసి, "అంటే గీ మనుషులందరు గాలి మీద కూసొని పోతున్నరా?" అన్నాడు. మా రైలు పెట్టె కిందవి స్టీలు చుట్టలే. అయినా ఫోన్ మళ్లీ ఫ్లోర్ మీద పెడితే, పొద్దున బస్సులో చూసిన దిబ్బ బాగా చిన్నదైంది, ఎడమవైపుకి జరిగింది. నిజం చెప్పాలంటే ఇందులో స్ప్రింగు గొప్ప కన్నా పట్టాల గొప్ప ఎక్కువ. దారి బాగుంటే స్టీలు కూడా హాయిగానే ఉంటుంది.

తాండూరులో దిగేసరికి అక్క ఫోన్. బండి ఏమైందని అడిగింది. బావ ఒక నిమిషం నసిగి, "ఎయిర్ బ్యాగులు ఉన్నయి గానీ అవి మనయి గావు" అన్నాడు. అటువైపు అక్కకి ఏం అర్థమైందో గానీ ఫోన్ నా చేతికొచ్చింది.

పది రోజుల తర్వాత బావ నుంచి ఇంకో ఫొటో. ఈసారి బండి ఫొటో కాదు, స్టీరింగ్ ఫొటో. మధ్యలో ఉన్న మూడక్షరాల చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి ఉంది. కింద వాయిస్ నోట్: "తాళం తిప్పిన, బొమ్మ వెలిగింది, ఆరింది. కింద గూడ వంగి చూసిన, బెలూన్లు ఏం లెవ్వు. ఇప్పుడు చెప్పు."

రేటు ఎంతట అని అడిగాను.